160 కిలోల బండా, 200 కిలోల బండా? కొండదారులకీ స్పితికీ ఏది తీసుకోవాలి

ఇజీనారం_మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో ఉంటాను, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వయసు 36, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 68 కిలోలు. పన్నెండేళ్లుగా ఒక్కటే 125 సీసీ బండి. దాని మీదే ఎస్.కోట మీదుగా అరకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు, సాలూరు ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి దాకా కూడా వెళ్లొచ్చాను. రోడ్డు ఉన్నంతవరకు దానికి వంక పెట్టడానికి లేదు. రోడ్డు అయిపోయిన చోటే ప్రతిసారీ ఆగిపోతున్నాను. ఎదురుగా కొండ, దాని మీదికి ఎర్రటి బాట కనిపిస్తుంటే, ఇంజిన్ కింద రాళ్లు తగులుతున్నాయని బండి వెనక్కి తిప్పుకోవడం ఎంత బాధగా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఈసారి కొండలకి పనికొచ్చే బండి కొందామని ఏడాదిగా డబ్బు దాస్తున్నాను. ఆదివారాలు సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు, వీలైతే ఒడిశాలోని దేవ్‌మాలి, మహేంద్రగిరి కొండలు. ఏడాదికి ఒక పెద్ద టూరు, మొదటిది దసరా సెలవుల్లో హిమాచల్‌లోని స్పితి లోయ. మా ఊరి పైడితల్లి సిరిమానోత్సవం నాటికి మాత్రం ఇంట్లో ఉండాలి, అది తప్పదు. మా ఆవిడ అరసవల్లికి, శ్రీకూర్మానికి, కళింగపట్నం బీచ్‌కి వెనక కూర్చుంటుంది కానీ కొండల్లోకి రానని ముందే చెప్పేసింది.

తెలిసినవాళ్లంతా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 తీసుకోమంటున్నారు. మొన్న షోరూంకి వెళ్లి కూర్చున్నాను. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, రెండు కాళ్లూ మునివేళ్ల మీదే ఆనాయి. స్టాండు తీసి నిటారుగా నిలబెట్టబోతే ఎడమవైపు ఒరిగిపోయింది, పక్కనే ఉన్న కుర్రాడు పట్టుకోబట్టి సరిపోయింది. టైల్స్ వేసిన చదును నేల మీదే అలా అయితే కొండ మీద నా సంగతేంటని అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఆ బండి 196 కిలోలు. హీరో ఎక్స్‌పల్స్ 210 అయితే 168. తేడా 28 కిలోలే కదా, ఒక బియ్యం బస్తా అంత, నెలరోజుల్లో అలవాటైపోతుంది అంటున్నాడు నా స్నేహితుడు. నిజంగా అలవాటవుతుందా? నడిపినవాళ్లు చెప్పండి.

నాగావళి_గట్టు:

మాస్టారూ, సరిగ్గా ఇదే ప్రశ్న నేను 2019లో అడిగాను. అందరూ పెద్దదే కొనమన్నారు, కొన్నాను. నాలుగేళ్లు నడిపి అమ్మేశాను. దాన్ని తప్పు పట్టడానికి రాయడం లేదు, మంచి బండి, ఒక్కసారి కూడా దారిలో వదిలేయలేదు. కానీ మీరు అడిగిన ఆ 28 కిలోల గురించి నాకు తెలిసింది చెప్పాలి.

నడుస్తున్నంతసేపు బరువు తెలియదు. గంటకి 30 కి.మీ. దాటితే 200 కిలోల బండి కూడా 150 కిలోల బండిలాగే వంగుతుంది, ఒక్కోసారి అంతకన్నా కుదురుగా ఉంటుంది. బరువు బయటపడేది బండి ఆగినప్పుడు. మలుపులో యూటర్న్ కొట్టేటప్పుడు, రాళ్ల మీద కాలు ఆనించడానికి చోటు వెతుక్కునేటప్పుడు, ఇంటి ముందు గట్టు మీంచి వెనక్కి లాగేటప్పుడు, పడిపోయాక లేపేటప్పుడు.

జూలైలో సీతంపేట పైన ఒక గూడేనికి వెళ్లే బాట. రాత్రి వాన పడి ఉంది. ఆ ఎర్రమట్టి మీకు తెలుసు, ఎండలో సిమెంటులా ఉంటుంది, తడిస్తే వెన్న రాసినట్టే. ఎక్కుడులో వెనక చక్రం పక్కకి జారింది, నేను కాలు పెట్టాను, కాలు కూడా జారింది, బండి నెమ్మదిగా పక్క కాలువలోకి ఒరిగిపోయింది. దెబ్బ ఏమీ తగల్లేదు. కానీ చక్రాలు పైకి, హ్యాండిల్ కిందికి, తలకిందులైనట్టు పడి ఉంది. ట్యాంకు మూత దగ్గరనుంచి పెట్రోలు చుక్క చుక్కగా మట్టిలోకి ఇంకుతోంది, సైలెన్సర్ మీద పడిన బురద చుయ్‌మని ఎండిపోతోంది. మూడుసార్లు ప్రయత్నించాను. మోకాలు ఎత్తు దాకా వస్తుంది, అక్కడ నా బూట్లు జారతాయి, మళ్లీ కిందికి. మూడోసారికి చేతులు వణకడం మొదలైంది. ఫోన్ సిగ్నల్ లేదు. అరగంట అలా కూర్చున్నాక అనాస పళ్ల కావిళ్లతో ఇద్దరు దిగుతూ కనిపించారు. పెద్దాయన కావిడి దించి, "ఏటి బాబూ, ఒక్కడివే వొచ్చీసినావా" అని అడిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ముందుగా పక్క పెట్టెలు విప్పించాడు. తర్వాత ముగ్గురం కలిసి లేపాం. నాలుగు పళ్లు చేతిలో పెట్టి డబ్బు తీసుకోకుండా వెళ్లిపోయారు, అది ఇప్పటికీ గుర్తు.

ఆ రోజు నుంచి ఒంటరిగా వెళ్లినప్పుడల్లా బాట మొదట్లో ఆగి, ఇక్కడ పడితే లేపగలనా అని ఆలోచించడం మొదలుపెట్టాను. సగం సార్లు వెనక్కి తిరిగేవాడిని. బాటల కోసమని పెద్ద బండి కొని, దాని బరువుకి జడిసి బాటలు మానుకున్నాను. అందుకే అమ్మేశాను. ఇప్పుడు నా దగ్గర ఉన్నది 168 కిలోలదే, అదే బాటకి ఐదుసార్లు వెళ్లాను, రెండుసార్లు పడ్డాను, రెండుసార్లూ నేనే లేపుకున్నాను.

ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆ పైవాటి మీద 40 శాతం అయింది. అంటే చిన్నదానికీ పెద్దదానికీ ధరలో దూరం ఇంకా పెరిగింది. ఆ తేడా డబ్బుతో మంచి బూట్లు, జాకెట్టు, టైర్లు కొనుక్కుని స్పితి కూడా వెళ్లిరావచ్చు.

టెక్కలి_16:

నాగావళి అన్న అనుభవం కాదనను. కానీ మాస్టారు ఏడాదిలో ఎన్ని రోజులు బురదలో ఉంటారు, ఎన్ని రోజులు హైవే మీద ఉంటారు అన్నది ఎవరూ అడగలేదు.

నేను టెక్కలిలో ఉంటాను, గుమ్మం దాటితే 16వ నంబరు జాతీయ రహదారే. నాకు 160 కిలోల బండీ ఉండేది, ఇప్పుడు 196 కిలోలదీ ఉంది. చిన్న బండి మీద ఇచ్ఛాపురం వైపు మధ్యాహ్నం పూట వెళ్లండి, సముద్రం నుంచి పక్కగాలి కొడుతుంటే బండి దానంతటదే అర అడుగు జరుగుతుంది. కంటైనర్ లారీని దాటేటప్పుడు ముందు దాని వైపు లాగుతుంది, దాటగానే బయటికి తోస్తుంది. నాలుగు వరుసల రోడ్డు మీద మన టూవీలర్లకి పరిమితి గంటకి 80 కి.మీ., 200 సీసీ బండి 80లో వెళుతుంది, కాదనను, కానీ గంటల తరబడి అలా వెళితే చేతులు మొద్దుబారిపోతాయి. 450 సీసీ ఇంజిన్ అదే 80లో తాపీగా ఉంటుంది, ముందున్నవాడిని దాటాలంటే గేరు మార్చక్కర్లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ తేడా ఒంట్లో తెలుస్తుంది.

ఆవిడ సంగతి కూడా చూడండి మాస్టారూ. మీరు 68, ఆవిడ ఒక 58 అనుకుందాం, సామాను 20. మొత్తం 146 కిలోలు. 168 కిలోల బండి మీద ఇది దాదాపు దాని సొంత బరువంత. వెనక స్ప్రింగు కిందికి దిగిపోతుంది, ముందు చక్రం తేలికైపోతుంది, హెడ్‌లైటు చెట్ల మీదికి కొడుతుంది. నరసన్నపేట దాటాక ఒక పల్లెరోడ్డులో రాత్రిపూట నా భార్య వెనక కూర్చుని ఉండగా ఇదే జరిగింది. లైటు పైకి పోవడం వల్ల రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం దగ్గరికొచ్చేదాకా కనిపించలేదు. ధాన్యం చుట్టూ పెట్టే రాళ్లు ఎంతెంత ఉంటాయో మీకు తెలుసు. రాయి తప్పించాను కానీ గింజల మీద ముందు చక్రం ఒక్కసారి పక్కకి ఈడ్చింది. పడలేదు, అయినా ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు. తర్వాతి నెలలోనే బండి మార్చాను.

ఇంకో మాట, నాగావళి అన్నా, కోపం తెచ్చుకోకండి. ఆ రోజు మీరు పడింది బరువు వల్ల కాదు, టైరు వల్ల అనిపిస్తోంది. తడి మట్టిలో షోరూం టైరుతో 120 కిలోల బండి అయినా జారుతుంది.

నాగావళి_గట్టు:

కోపం ఎందుకు తమ్ముడూ, నిజమే. అప్పుడు టైర్లు కంపెనీవే, గళ్లన్నీ మట్టితో నిండిపోయాయి. జారడం టైరు వల్ల అనే ఒప్పుకుంటాను. పడ్డాక లేవకపోవడం మాత్రం బరువు వల్లే. మంచి టైరు వేసినా ఎప్పుడో ఒకసారి పడతాం, ఆ ఒక్కసారి గురించే నా మాట. హైవే గురించి నువ్వు రాసింది మాత్రం నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను, పెద్ద బండి అమ్మాక నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది శ్రీకాకుళం నుంచి బరంపురం వెళ్లే ఆ తెల్లవారుజామే.

పలాస_పిక్క:

మాస్టారు గారూ, నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. 200 సీసీ బండి మీద, దాని బరువు సుమారు 160 కిలోలు, స్పితి వెళ్లొచ్చాను. కాబట్టి సీటు ఎత్తు గురించీ స్పితి గురించీ నేను చెప్పగలను, మిగతాది అన్నయ్యలు చెబుతారు.

రెండు కాళ్లూ పూర్తిగా ఆనాలన్న పట్టుదల వదిలేయండి. ఆగే ముందే ఏ వైపు నేల ఎత్తుగా ఉందో చూసుకుని, సీటు మీద కాస్త ఆ వైపుకి జరిగి, ఒక్క పాదం మడమ దాకా ఆనించండి, రెండోది ఫుట్‌రెస్ట్ మీదే ఉండనివ్వండి. అలవాటు కావడానికి నాకు రెండు వారాలు పట్టింది, మా వీధిలో జీడిపప్పు ఫ్యాక్టరీ ముందున్న ఖాళీ స్థలంలో రోజూ పొద్దున్నే చేసేదాన్ని. కానీ ఒక్క పాదం మీద ఆపాలంటే బండి బరువు ఆ ఒక్క కాలు మోయాలి. ఒరగడం ఒక స్థాయి దాటితే 160నైనా ఆపలేం, తేడా ఏమిటంటే 160లో ఆ స్థాయి కాస్త ఆలస్యంగా వస్తుంది, సర్దుకోవడానికి ఒక క్షణం ఎక్కువ దొరుకుతుంది. నాకు ఆ క్షణం చాలాసార్లు పనికొచ్చింది.

ఇక స్పితి. ఎత్తుకి వెళ్లే కొద్దీ గాలి పలచబడి ఇంజిన్ శక్తి తగ్గుతుంది, ప్రతి వెయ్యి మీటర్లకీ దాదాపు పదో వంతు అనుకోండి. మనాలి వైపు నుంచి స్పితికి దాటే కుంజుం కనుమ 4,500 మీటర్ల పైన ఉంటుంది, అక్కడ ఏ బండికైనా శక్తిలో దాదాపు 40 శాతం పోతుంది. నా 19 హార్స్‌పవర్ అక్కడ 11 అయింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటే గాలికి తగ్గట్టు పెట్రోలు సర్దుకుంటుంది కానీ లేని గాలిని తేలేదు. 40 హార్స్‌పవర్ బండికి అక్కడ 24 మిగులుతుంది, కాబట్టి ఎక్కుడులో పెద్ద బండి హాయిగా లాగుతుంది, అది దాచను. నేను మాత్రం ఫస్ట్ గేరులో, ఇంజిన్ అరుస్తుంటే, నెమ్మదిగా ఎక్కాను. అయితే బాతల్ నుంచి గ్రాంఫూ వైపు రోడ్డు అని పిలిచే ఆ రాళ్లగుట్టలో నా ముందూ వెనకా ఉన్న పెద్ద బండ్లు కూడా ఫస్ట్ గేరులోనే ఉన్నాయి. అక్కడ నీళ్లు దాటాలి. మంచు కరిగిన నీళ్లు, ఎండ ఎక్కే కొద్దీ పెరుగుతాయి, పొద్దున్నే పాదం మునిగే చోట మధ్యాహ్నానికి మోకాలు మునుగుతుంది. తెల్లవారగానే దాటేయాలి. ఒక చోట నీళ్లలో గుండ్రాయి మీదికి ముందు చక్రం ఎక్కి బండి ఆగిపోయింది. నేను దిగి, క్లచ్ నెమ్మదిగా వదులుతూ, పక్కన నడుస్తూ నెట్టుకుంటూ బయటికి తెచ్చాను. నా పక్కనే 230 కిలోలు దాటిన పెద్ద బండి అలాగే ఆగితే ముగ్గురు నీళ్లలోకి దిగాల్సి వచ్చింది, వాళ్ల పాదాలు నీలంగా మారిపోయాయి.

మీ దసరా గురించి ఒక జాగ్రత్త. దసరా సెప్టెంబరు చివర్లో వచ్చే ఏడాది అయితే మనాలి వైపు కుంజుం దారి సరే. అక్టోబరు మూడో వారానికి వెళ్లే ఏడాది అయితే కుంజుం మీద మంచు పడి దారి మూసుకుపోవచ్చు. అప్పుడు సిమ్లా, కిన్నౌర్ మీదుగా నాకో, తాబో, స్పితిలో పెద్ద ఊరైన కాజా వెళ్లి అదే దారిన తిరిగి రండి. ఆ దారి సాధారణంగా ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది, మెల్లగా ఎత్తుకి చేరుస్తుంది కాబట్టి తలనొప్పి, వాంతులు కూడా తక్కువ. తాబోలో క్రీ.శ. 996 నాటి మట్టి గోడల బౌద్ధ విహారం ఉంది, లోపలికి వెళ్లాక బయటికి రాబుద్ధి కాలేదు. వేసవి సెలవుల్లో అనుకున్నా ఇదే దారి, మేలో కుంజుం తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

చివరగా సామాను. బండి కేటలాగు బరువు గురించి ఇంత చర్చిస్తాం కానీ మన మూటల బరువు ఎవరూ తూచరు. బయలుదేరే ముందు రోజు నా బ్యాగులన్నీ మా వీధి జీడిపిక్కల వ్యాపారి కాటా మీద పెట్టాను. 31 కిలోలు! 160 కిలోల బండి కొన్నది ఇందుకా అని అక్కడే నేల మీద అన్నీ పరిచాను. మూడో ప్యాంటు, రెండో జత బూట్లు, కిలో జంతికలు, మా అమ్మ పెట్టిన రెండు పచ్చడి సీసాలు, ఇనుప గొలుసు తాళం. పచ్చడి ఒక సీసా ఉంచుకున్నాను, మిగతావన్నీ తీసేశాను. 17కి వచ్చింది. మీ పెద్ద బండికీ చిన్న బండికీ ఉన్న తేడాలో సగం అక్కడే పోయింది చూడండి.

ఇజీనారం_మాస్టారు:

పలాస అక్కకి (వయసులో చిన్నవారైనా సరే, నాకు అక్కే) చాలా చాలా థాంక్స్. టెక్కలి అన్న చెప్పిన ధాన్యం సంగతి చదివి ఒళ్లు జలదరించింది, మా వైపు ధాన్యంతో పాటు గోగు కట్టెలు కూడా రోడ్డు మీదే పరుస్తారు. ఒక అనుమానం, స్పితికి బండి ఇక్కడినుంచి నడుపుకుంటూ వెళ్లాలా, రైల్లో వేయాలా? పెట్రోలు ట్యాంకు చిన్నదైతే అక్కడ ఇబ్బంది అవుతుందా?

పలాస_పిక్క:

రైల్లో వేయండి. మీకు పది పన్నెండు రోజులే సెలవు, అందులో ఆరు రోజులు హైవేకే పోతాయి. విశాఖ నుంచి అమృత్‌సర్ వెళ్లే హిరాకుడ్ ఎక్స్‌ప్రెస్ మీ విజయనగరం మీదుగానే అంబాలా దాకా వెళుతుంది, నిజాముద్దీన్ వెళ్లే సమతా కూడా ఉంది. పార్సిల్ ఆఫీసులో ఆర్సీ, ఆధార్ కాపీలు అడుగుతారు, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి, గోనెపట్టా చుట్టి ప్యాక్ చేయించాలి. అద్దాలు, లివర్ల గార్డులు మీరే విప్పి దగ్గర పెట్టుకోండి. బండి కూడా అదే రైల్లో వస్తుందన్న హామీ ఉండదు, రెండు మూడు రోజులు ముందే వేసేయడం మంచిది. హైవే బరువు ప్రశ్న సగం ఇక్కడే తీరిపోయింది.

పెట్రోలుకి భయపడకండి. నా ట్యాంకు 13 లీటర్లు, లీటరుకి 38 దాకా వచ్చింది. హిమాలయన్ 450 ట్యాంకు 17 లీటర్లు, లీటరుకి 28, 30 వస్తుందని నడిపేవాళ్లు చెప్పారు. లెక్కల మాస్టారు మీరే వేసుకోండి, రెండూ దాదాపు ఒకే చోటుకి వచ్చి ఆగుతాయి. కాజాలో పంపు ఉంది, మనాలి నుంచి అక్కడికి సుమారు 200 కి.మీ. లేహ్ వెళ్లేటప్పుడు తాండి పంపు దగ్గర తర్వాతి పంపు 365 కి.మీ. అని బోర్డు ఉండేది, దానికి కూడా ఇది చాలు.

సాలూరు_షెడ్డు:

మాస్టారికి నమస్కారం. మాది సాలూరు, లారీల ఊరు. నాన్న లారీ మెకానిక్, నేను బైకుల పని చేస్తాను. దేవ్‌మాలి వైపు వెళ్లి పాడైన బండ్లు తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగి ఎక్కువగా మా దగ్గరికే వస్తాయి. అందుకని విరిగేవి ఏవో నాకు తెలుసు.

పెద్ద బండి పడితే విరిగేవి ఎక్కువ. బరువు ఎంత ఉంటే నేల అంత గట్టిగా తిరిగి కొడుతుంది. క్లచ్ లివర్, గేరు లివర్, పక్క పెట్టెల స్టాండు ముందు పోతాయి. ఇనుప స్టాండు అయితే మా దగ్గర పది నిమిషాల్లో వెల్డింగ్ చేసేస్తాం, అల్యూమినియం ముక్క అయితే మార్చాల్సిందే. కాబట్టి లివర్లు రెండు అదనంగా పెట్టుకోండి, పాత క్లచ్ కేబుల్ ఉంటే కొత్త కేబుల్ పక్కనే టేపు చుట్టి ఉంచండి. పక్కలకి రేకు పెట్టెల బదులు మెత్తటి సంచులు వేసుకోండి, బరువు తక్కువ, పడినప్పుడు కాలు కింద ఇరుక్కున్నా ఎముక విరిగే ప్రమాదం తక్కువ. బరువైనవి కిందకీ ముందుకీ ఉండాలి, వెనక రాక్ మీద డేరా, దుప్పటి లాంటి తేలికవి మాత్రమే. రాక్ మీద నీళ్ల డబ్బా, పనిముట్లు కట్టినవాళ్ల బండ్లకే ఫ్రేము చివర పగుళ్లు చూశాను.

ట్యూబు గురించి ఎవరూ చెప్పలేదు. ఈ బండ్లకి ముందు చక్రం 21 అంగుళాలు. మన పల్లెల్లో పంచర్ షాపుల్లో 17, 18 సైజు ట్యూబులు దొరుకుతాయి, 21 దొరకదు. మీరు తీసుకునే బండికి ట్యూబు టైర్లయితే 21 ట్యూబు ఒకటి సీటు కింద పెట్టుకోండి, గండం గడవడానికి అదే వెనక చక్రంలో కూడా దూరుతుంది. టైరు విప్పడం ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూడండి.

గెడ్డ (వాగు) దాటేటప్పుడు బండి నీళ్లలో పడిందా, తొందరపడి సెల్ఫ్ కొట్టొద్దు. ఇంజిన్‌లోకి నీళ్లు చేరి ఉంటే ఒక్క సెల్ఫ్‌తో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. గట్టుకి చేర్చి, ప్లగ్ విప్పి, ఇంజిన్ తిప్పి నీళ్లు బయటికి పోయాకే స్టార్ట్ చేయాలి.

ఇక లేపడం. చాలామంది హ్యాండిల్ పట్టుకుని బండికి ఎదురుగా నిలబడి లాగుతారు, నడుము పట్టేసేది అందుకే. ముందు తాళం తిప్పి ఇంజిన్ ఆపేయండి. బండి గేరులో ఉండాలి, లేకపోతే లేపుతుంటే దొర్లిపోతుంది. కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ దించి ఉంచండి, లేచి అటువైపు ఒరిగినా స్టాండు మీద నిలబడుతుంది. ఎడమవైపు పడితే ఆ వీలు లేదు, లేపాక ఒక కాలితో వెతుక్కుని దించాలి, అందుకే ఎడమవైపు పడితే ఇంకా తాపీగా చేయాలి. హ్యాండిల్‌ని నేల వైపు పూర్తిగా తిప్పండి. ఇప్పుడు బండికి వీపు పెట్టి, పిరుదులు సీటు అంచుకి ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ గ్రిప్పు, ఇంకో చేత్తో వెనక ఫ్రేము పట్టుకోండి. నడుము నిటారుగా ఉంచి, చిన్న చిన్న అడుగులు వేస్తూ వెనక్కి నడవండి. బండిని మోసేది తొడలు, చేతులు కాదు. చదును నేల మీద ఇలా 200 కిలోలు కూడా లేస్తుంది. బురదలో, వాలులో, పదోసారి పడ్డప్పుడు లేస్తుందా అన్నదే మీరు తేల్చుకోవాలి, అది మేం ఎవరం చెప్పలేం. కొనకముందే రెండూ లేపి చూడండి. షోరూంలో ఒప్పుకోరు, తెలిసినవాళ్ల బండి అడగండి.

నాగావళి_గట్టు:

మాస్టారూ, ఆదివారం నా బండి తీసుకుని విజయనగరం వస్తాను. నేల మీద పడుకోబెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు, దానికి అలవాటే. మీ వైపు 450 ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే పిలవండి.

ఇజీనారం_మాస్టారు:

రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, పరీక్షల డ్యూటీలు.

నాగావళి అన్న శ్రీకాకుళం నుంచి చెప్పిన టైముకి వచ్చేశారు. మా స్కూల్ సైన్స్ మాస్టారి తమ్ముడికి 450 ఉంది, ఆయన కూడా వచ్చారు. రామతీర్థం వెళ్లే దారిలో ఒక ఖాళీ చేను, ముందు రోజు వాన పడి నేల మెత్తగా ఉంది. బండ్లకి గీతలు పడకుండా గోనెసంచులు పరిచాం. సాలూరు అన్న రాసింది ఫోన్‌లో తెరిచి పెట్టుకుని అడుగు అడుగూ అలాగే చేశాను.

168 కిలోలది మూడుసార్లు లేపాను. మొదటిసారి పాదాలు తప్పుగా పెట్టి కాస్త తడబడ్డాను, రెండోసారి ఇంత సులువా అనిపించింది. 196 కిలోలది మొదటిసారి లేచింది. లేచినప్పుడు నిజంగా చాలా సంతోషం వేసింది, ఇంకేం, ఇదే కొనేద్దాం అనుకున్నాను. రెండోసారి సగం దాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడు నాగావళి అన్న పక్క సంచుల్లో రెండు ఐదేసి లీటర్ల నీళ్ల డబ్బాలు పెట్టి మళ్లీ లేపమన్నారు. నేల మీంచి జానెడు కూడా లేవలేదు. అదే పది కిలోలతో 168ది లేచింది, కష్టంగానే, కానీ లేచింది. దానికి నేనే ఆశ్చర్యపోయాను. ఎవరూ ఏమీ అనలేదు, నాకే అర్థమైపోయింది.

టెక్కలి అన్నా, మీ మాట మర్చిపోలేదు. మధ్యాహ్నం నాగావళి అన్న బండి మీద మా ఆవిడని ఎక్కించుకుని చింతపల్లి బీచ్ దాకా వెళ్లొచ్చాను. మీరు చెప్పినట్టు వెనక స్ప్రింగు దిగింది. స్ప్రింగు బిగువు (ప్రీలోడ్) రెండు మెట్లు పెంచాక ఫర్వాలేదు, హెడ్‌లైటు కూడా దించాం. రాత్రిపూట ఆవిడతో పల్లెరోడ్ల మీద వెళ్లకూడదని నిర్ణయించుకున్నాను, హైవే మీద 70 దాటను. ఆవిడ మాత్రం సీటు గురించే చెప్పింది. సన్నగా, గట్టిగా ఉందట, గంటకే తిమ్మిరెక్కిందట.

శుక్రవారం చిన్నదే బుక్ చేశాను. మొదటి ఆదివారం ఆ సీతంపేట బాటకే వెళదాం అన్నారు నాగావళి అన్న. ఇప్పుడు మిగిలింది ఆ సీటు. నురుగు మార్చి వెనక భాగం కాస్త వెడల్పు చేసేవాళ్లు మన వైపు ఎవరైనా ఉన్నారా?

సాలూరు_షెడ్డు:

మా వీధిలోనే లారీ సీట్లు కుట్టే ముసలాయన ఉన్నారు, చెయ్యి చాలా మంచిది. బండి తేనక్కర్లేదు, సీటు ఒక్కటి విప్పి బస్సులో తెచ్చేయండి, పొద్దున్న ఇస్తే సాయంత్రానికి ఇచ్చేస్తారు. ముందు భాగం వెడల్పు చేయనివ్వకండి, మీ కాళ్లు ఇంకా పైకి లేస్తాయి. వెనక సగం మాత్రమే చేయించండి. పాత నురుగు పారేయకుండా వెనక్కి అడగండి, స్పితి వెళ్లేటప్పుడు పార్సిల్ ప్యాకింగ్‌లో ట్యాంకు చుట్టూ కట్టుకోవచ్చు.